మంత్రి పార్లమెంటులో చెప్పిన మాటకు విలువెంత?

పార్లమెంటు సమావేశాలు మొదలైతే చాలు, పేపర్లలో టీవీల్లో ఒకే తరహా వార్తలు రోజూ కనిపిస్తాయి. లోక్‌సభలో కేంద్రమంత్రి స్పష్టీకరణ, రాజ్యసభలో లిఖితపూర్వక సమాధానం, ఫలానా ఏడాదికల్లా ఇంటింటికీ కొళాయి. చదివినవాళ్లలో కొందరు పని అయిపోయినట్టే అనుకుంటారు, కొందరు ఇవన్నీ ఉత్త మాటలని కొట్టిపారేస్తారు. రెండూ పొరపాటే. సభలో మంత్రి చెప్పే మాటల్లో చాలా రకాలున్నాయి. కొన్నిటి వెనక చట్టం ఉంటుంది, కొన్నిటి వెనక డబ్బు ఉంటుంది, కొన్నిటి వెనక ఒక కమిటీ నెలల తరబడి పడుతుంది, కొన్నిటి వెనక ఏమీ ఉండదు. ఏది ఏ రకమో మంత్రి వాక్యంలోనే చాలావరకు తెలిసిపోతుంది, కానీ వార్త మన దాకా వచ్చేసరికి ఆ వాక్యం చివరి క్రియ మారిపోయి ఉంటుంది. "పరిశీలిస్తాం" అన్నది "ఇస్తాం" అయిపోతుంది.

2014 నుంచి ఈ తేడా వల్ల మన రెండు రాష్ట్రాలు పడినంత ఇబ్బంది ఇంకెవరూ పడలేదేమో. అందుకే ఉదాహరణలు చాలావరకు అక్కడి నుంచే తీసుకుంటున్నాను.

మాట ఏ దారిన సభలోకి వచ్చింది

మంత్రి తనంతట తాను లేచి చేసే ప్రకటన ఒక రకం. పెద్ద ప్రమాదం జరిగినా, ప్రభుత్వం కొత్త విధానం తెచ్చినా ఇలా చేస్తారు. లోక్‌సభలో దీనికి 372వ నిబంధన ఉంది, దాని ప్రకారం ప్రకటన చేసే సమయంలో ప్రశ్నలు అడగడానికి వీల్లేదు. రాజ్యసభలో పద్ధతి వేరు, అక్కడ ప్రకటన అయ్యాక సభ్యులు వివరణలు అడుగుతారు. అంటే అదే ప్రకటన ఒక సభలో నిలదీతకు గురై, ఇంకో సభలో చదివేసి కూర్చోవడంతో ముగిసిపోవచ్చు.

రెండో రకం ప్రశ్నలకు జవాబులు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రం గుర్తున్న ప్రశ్నలు, 230 నక్షత్రం లేని ప్రశ్నలు తీసుకుంటారు. రాజ్యసభలో ఆ సంఖ్యలు 15, 160. నక్షత్రం ఉంటే మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వస్తాయి. నక్షత్రం లేకపోతే కాగితం మీద జవాబు, అంతటితో సరి. మనం వార్తల్లో చూసే "కేంద్రం స్పష్టం చేసింది" అనేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండో కోవలోవే. మంత్రి ఆ రోజు మన రాష్ట్రం గురించి సభలో ఒక్క ముక్క మాట్లాడి ఉండకపోవచ్చు, శాఖ అధికారులు తయారు చేసిన జవాబును మంత్రి పేరుతో సభ ముందు ఉంచి ఉంటారు. అంతమాత్రాన దాని విలువ తగ్గదు, బాధ్యత మంత్రిదే. కాకపోతే ఎదురు ప్రశ్న పడలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక బిల్లు మీద చర్చకు మంత్రి ఇచ్చే జవాబు ఒకటి, బడ్జెట్ ప్రసంగం ఇంకొకటి. ఈ రెంటి దగ్గరే ఎక్కువ గందరగోళం ఉంది కాబట్టి వాటిని విడిగా చూద్దాం.

"పరిశీలనలో ఉంది", "ప్రతిపాదన లేదు", "ప్రశ్న తలెత్తదు"

లిఖిత జవాబులకు ఒక స్థిరమైన భాష ఉంది. ప్రశ్నను (ఎ), (బి), (సి) అని ముక్కలు చేస్తారు, జవాబూ అలాగే వస్తుంది. మొదటి ముక్కకు "లేదు" అని వస్తే మిగతావాటికి "ప్రశ్న తలెత్తదు" అని రాస్తారు. "ప్రస్తుతం అలాంటి ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదు" అంటే ఎప్పటికీ చెయ్యరని కాదు, చేస్తారనీ కాదు. ఆ తేదీ నాటికి ఫైలు కదలడం లేదని మాత్రమే అర్థం. బరువంతా "ప్రస్తుతం" అనే మాట మీదే ఉంటుంది.

"ప్రశ్న తలెత్తదు" ఎంత దూరం పోగలదో 2020 సెప్టెంబరులో దేశమంతా చూసింది. లాక్‌డౌన్‌లో ఇళ్లకు నడిచిపోతూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారు, వాళ్ల కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని సభ్యులు అడిగితే, అలాంటి లెక్కలేవీ నిర్వహించడం లేదు, కాబట్టి రెండో ప్రశ్న తలెత్తదు అని కార్మిక శాఖ జవాబిచ్చింది. నియమాల ప్రకారం అది జవాబే. లెక్క లేకపోవడంతో బాధ్యత అనే ప్రశ్నే మాయమైపోయింది. నాకు ఇప్పటికీ మింగుడుపడని జవాబు అది. పైగా ఆ సమావేశాల్లో కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్నే రద్దు చేశారు కాబట్టి నోటితో అనుబంధ ప్రశ్న వేసే వీలు కూడా లేకపోయింది.

అన్ని జవాబులూ అలా జారిపోయేవే అనుకోనక్కర్లేదు. అసెంబ్లీ సీట్ల సంగతి తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఏపీ సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణ సీట్లు 119 నుంచి 153కి పెంచాలని ఉంది. ఎంపీలు దీని మీద పదే పదే అడిగారు, కేంద్రం పదే పదే ఒకే జవాబిచ్చింది: రాజ్యాంగం 170వ అధికరణ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా సీట్ల సంఖ్య మార్చడానికి కుదరదు. నచ్చినా నచ్చకపోయినా ఇది సూటి జవాబు. 26వ సెక్షన్ మొదట్లోనే "170వ అధికరణకు లోబడి" అన్న మాట ఉంది. చట్టంలో రాసినంత మాత్రాన అయిపోదని, ఆ వాక్యానికి ముందు ఏ షరతు పెట్టారో కూడా లెక్కలోకి వస్తుందని ఇక్కడ తెలుస్తుంది.

ఇంకో రకం జవాబు, ఇప్పటికే తీసుకున్న నిర్ణయాన్ని సభకు తెలపడం. విశాఖ ఉక్కులో 100 శాతం పెట్టుబడుల ఉపసంహరణకు (అంటే ప్రభుత్వ వాటా మొత్తం అమ్మేయడానికి) 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. మార్చిలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభలో లిఖితపూర్వకంగా అదే చెప్పారు, విశాఖలో ఆందోళనలు మిన్నంటాయి. జవాబుల్లో ఇంతకన్నా గట్టిది ఉండదు, ఎందుకంటే అది ఇస్తామన్న మాట కాదు, అయిపోయిన నిర్ణయం. అయినా 2025 జనవరిలో అదే ప్రభుత్వం అదే సంస్థకు 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ఆమోదించింది. మంత్రివర్గ నిర్ణయాన్ని మంత్రివర్గమే పక్కన పెట్టగలదు, దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఏ మాట "హామీ" అవుతుంది, దాని వెంట ఎవరు పడతారు

చాలామందికి తెలియని వ్యవస్థ ఒకటి ఇక్కడ ఉంది. మంత్రి సభలో "చూస్తాను", "విచారణ జరుపుతున్నాం", "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం", "విషయం పరిశీలనలో ఉంది" లాంటి మాటలు వాడితే అది హామీ కింద నమోదవుతుంది. ఏ మాటలను హామీగా లెక్కపెట్టాలో సూచించే జాబితా కూడా ఉంది. సభ రికార్డుల నుంచి వీటిని ఏరి ఆయా శాఖలకు పంపుతారు. మామూలుగా మూడు నెలల్లోగా నెరవేర్చి, ఏం చేశారో చెప్పే నివేదికను సభ ముందు పెట్టాలి. కుదరకపోతే గడువు పెంచమని అడగాలి, లేదా దీన్ని వదిలేయమని కారణాలు చూపి వేడుకోవాలి.

ఎవరిని అడగాలంటే ప్రభుత్వ హామీల కమిటీని. లోక్‌సభలో ఇది 1953 డిసెంబరులో, రాజ్యసభలో 1972 జూలైలో ఏర్పడింది. లోక్‌సభ కమిటీలో 15 మంది, రాజ్యసభ కమిటీలో 10 మంది సభ్యులుంటారు, లోక్‌సభ కమిటీలో మంత్రులకు చోటు లేదు. శాఖ కార్యదర్శులను పిలిచి కూర్చోబెట్టి, ఫలానా రోజు మీ మంత్రి ఈ మాటన్నారు, ఏమైంది అని అడిగే అధికారం ఈ కమిటీకి ఉంది.

ఇందులో బలహీనత ఎక్కడుందంటే, కమిటీ అడుగుతుంది, నివేదిక రాస్తుంది, ఆక్షేపిస్తుంది, అంతే. శిక్షించదు. పైగా చాలా హామీలు సమాచారం ఇస్తామన్నవే, ఆ సమాచారం బల్ల మీద పెట్టగానే హామీ నెరవేరినట్టు లెక్క. "ఆ రోడ్డు వేసే విషయం పరిశీలిస్తున్నాం" అన్న హామీ "పరిశీలించాం, వేయడం కుదరదు" అన్న నివేదికతో కూడా పూర్తవుతుంది. నెరవేరిన హామీల శాతం అని ఎవరైనా అంకె చెబితే అందులో ఇవన్నీ కలిసే ఉంటాయి.

అయినా దీన్ని తేలిగ్గా తీసుకోలేం. అధికారులు జవాబు రాసేటప్పుడు హామీ కిందికి వచ్చే మాట పడకుండా జాగ్రత్తపడతారంటే ఈ కమిటీ వల్లే. "చేస్తాం" బదులు "రాష్ట్ర ప్రభుత్వం నుంచి ప్రతిపాదన వస్తే నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది" లాంటి వాక్యాలు పుట్టేది అక్కడే.

దీనికి తోడు స్థాయీ సంఘాలున్నాయి, మొత్తం 24. ఒక్కోదానిలో 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులు. ఇవి శాఖల పద్దులను, అంటే ఏ పనికి ఎంత డబ్బు కావాలో చెప్పే లెక్కలను, చూసి సిఫార్సులు చేస్తాయి. ఆ సిఫార్సుల అమలు ఎంతవరకు వచ్చిందో మంత్రి ఆరు నెలలకోసారి సభలో ప్రకటన చెయ్యాలని 2004లో స్పీకర్ ఆదేశం వచ్చింది, దాన్ని 73ఎ ఆదేశం అంటారు. ఆ ప్రకటనను చదివే మంత్రులు తక్కువ, బల్ల మీద పెట్టేవాళ్లే ఎక్కువ.

ప్రధాని చెప్పిన మాట, చట్టంలో లేని మాట: ప్రత్యేక హోదా

2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో పునర్విభజన బిల్లు మీద చర్చ జరిగింది. అప్పటికి రెండు రోజుల ముందే లోక్‌సభ దాన్ని ఆమోదించేసింది. రాజ్యసభలో సవరణ చేస్తే బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి, ఎన్నికలు దగ్గర పడ్డాయి, సమయం లేదు. అందుకని బిల్లులో మార్పు చేయకుండా ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి ఆరు అంశాల ప్రకటన చేశారు. 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల పాటు ప్రత్యేక హోదా అన్నది అందులో ఒకటి. ప్రతిపక్షంలో ఉన్న వెంకయ్యనాయుడు పదేళ్లు కావాలన్నారు. మార్చిలో కేంద్ర మంత్రివర్గం కూడా హోదాకు ఆమోదం తెలిపింది. మేలో ప్రభుత్వం మారింది.

ఆ తర్వాత జరిగిన వాదన అంతా ఒక్క ప్రశ్న చుట్టూనే: ఆ మాట కొత్త ప్రభుత్వాన్ని కట్టిపడేస్తుందా?

కట్టిపడేస్తుందనేవాళ్ల వాదన ఇది. ప్రధాని వ్యక్తిగా చెప్పలేదు, ప్రభుత్వాధినేతగా, బిల్లు పాస్ కావడం కోసం, సభలో చెప్పారు. ఆ మాట నమ్మి సభ్యులు సవరణల పట్టు వదిలేశారు. ప్రభుత్వం అనేది నిరంతరం సాగే వ్యవస్థ, పార్టీ మారితే మాట మారకూడదు. పైగా ఎదుటి పక్షం ఆ రోజు వ్యతిరేకించకపోగా ఇంకా ఎక్కువ కాలం అడిగింది. నైతికంగా దీనికి జవాబు చెప్పడం కష్టం.

కేంద్రం వైపు నుంచి వచ్చిన వాదన వేరు. హోదా అనేది చట్టంలో లేదు. 1969 నుంచి జాతీయాభివృద్ధి మండలి, ప్రణాళికా సంఘం నడిపిన పద్ధతి అది, కొండ ప్రాంతాలు, సరిహద్దులు, ఆర్థిక వెనకబాటు లాంటి ప్రాతిపదికలతో ఇచ్చేవారు. ప్రణాళికా సంఘం పోయి 2015 జనవరిలో నీతి ఆయోగ్ వచ్చింది. పద్నాలుగో ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది, పంపకంలో ప్రత్యేక రాష్ట్రాలనీ మామూలు రాష్ట్రాలనీ తేడా చూపలేదు. కాబట్టి హోదాతో వచ్చే ప్రయోజనాన్ని వేరే రూపంలో ఇస్తామంటూ 2016 సెప్టెంబరులో ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ప్రత్యేక సాయం ప్రకటించారు. దీనికి ఎదురు వాదనా ఉంది: ఆర్థిక సంఘం తేడా చూపలేదంటే హోదా ఇవ్వొద్దని చెప్పినట్టు కాదు కదా, ఉన్న 11 ప్రత్యేక హోదా రాష్ట్రాలకు కేంద్ర పథకాల్లో కేంద్రం 90, రాష్ట్రం 10 శాతం భరించే నిష్పత్తి కొనసాగింది కదా అని.

చట్టపరంగా చూస్తే కేంద్రం వాదన గట్టిది, మాట ఇచ్చిన తీరు చూస్తే రాష్ట్రం వాదన గట్టిది అని నా అభిప్రాయం. అసలు సమస్య ఈ రెండు బలాలూ వేర్వేరు త్రాసుల్లో ఉండటం. సభలో చెప్పిన విధానపరమైన మాటను అమలు చేయించే అధికారం చివరికి సభకే ఉంది, అది కూడా రాజకీయంగా. 75వ అధికరణ ప్రకారం మంత్రివర్గం లోక్‌సభకు ఉమ్మడిగా బాధ్యత వహించాలి, అంటే సభకు కోపం వస్తే ప్రభుత్వాన్ని దించేయొచ్చు. ఆ దారి కూడా ప్రయత్నించారు. 2018 మార్చిలో తెలుగుదేశం మంత్రులు కేంద్ర మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు, జూలై 20న అవిశ్వాస తీర్మానం మీద ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325.

అదే చట్టంలో రాసినవాటి గతి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటిస్తున్నామని 90వ సెక్షన్ నేరుగా అంటుంది. అందుకే డబ్బు ఆలస్యమైనా, లెక్కల మీద గొడవలు వచ్చినా, అది జాతీయ ప్రాజెక్టు కాదని ఎవరూ అనలేకపోయారు. పదమూడో షెడ్యూల్‌లో భాష వేరు. కడప జిల్లాలోనూ నాటి ఖమ్మం జిల్లాలోనూ ఉక్కు కర్మాగారాలు పెట్టే సాధ్యతను ఆరు నెలల్లో "పరిశీలించాలి" అని ఉంది. కొత్త రైల్వే జోన్ గురించీ, తెలంగాణలో రైలు కోచ్ ఫ్యాక్టరీ గురించీ అంతే. పరిశీలించడం అంటే పెట్టడం కాదు. విశాఖ కేంద్రంగా జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరికి గానీ రాలేదు, దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. తెలంగాణ గిరిజన విశ్వవిద్యాలయానికి పార్లమెంటు బిల్లు ఆమోదించింది 2023 డిసెంబరులో, చట్టం పెట్టిన పదేళ్ల గడువు ముగియడానికి ఆరు నెలల ముందు.

బడ్జెట్ ప్రసంగంలో పేరు రావడం, పద్దులో డబ్బు ఉండటం

ప్రకటన, ఆమోదం, కేటాయింపు, విడుదల, ఖర్చు. ఈ ఐదూ ఐదు మెట్లు, ఒకదాన్నుంచి ఇంకోదానికి చేరకుండానే ఆగిపోయినవి బోలెడు. ప్రసంగంలో పేరు వస్తే మొదటి మెట్టు ఎక్కినట్టు. డబ్బు కావాలంటే శాఖల పద్దుల్లో అంకె ఉండాలి, దాన్ని లోక్‌సభ ఆమోదించాలి, తర్వాత ఆర్థిక శాఖ విడుదల చేయాలి.

2024 జూలై 23 బడ్జెట్ ప్రసంగంలో అమరావతికి 15,000 కోట్లు అని విన్న చాలామంది కేంద్రం తన ఖజానాలోంచి అంత ఇస్తోందనుకున్నారు. ప్రసంగంలో ఉన్నది వేరే. బహుళపక్ష అభివృద్ధి సంస్థల ద్వారా ప్రత్యేక ఆర్థిక సాయానికి తోడ్పడతామని, ఆ ఏడాది 15,000 కోట్లు "సమకూరుస్తామని". ఇస్తాం అనలేదు. ఎవరు తిరిగి కట్టాలో ఆ వాక్యంలో లేదు, అప్పా గ్రాంటా అన్న చర్చ మొదలైంది అందుకే. ఆ డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరో సుమారు 80 కోట్ల డాలర్ల రుణం ఆమోదించాయి. అంటే మాట నిలబడింది, చెప్పిన రూపంలోనే నిలబడింది. విన్నవాళ్లు ఊహించుకున్న రూపం వేరు.

అంకెల్లో ఇంకో చిక్కు ఉంది. ఏటా ఒక పథకానికి మూడు అంకెలు పుడతాయి: ఏడాది మొదట్లో వేసే బడ్జెట్ అంచనా, మధ్యలో సవరించిన అంచనా, చివరికి వాస్తవంగా అయిన ఖర్చు. గ్రామాల్లో ఇంటింటికీ కొళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్‌కు 2024-25 బడ్జెట్ అంచనా 70,163 కోట్లు. సవరించిన అంచనాకు వచ్చేసరికి 22,694 కోట్లు, మూడో వంతు కూడా లేదు. 2025-26కు 67,000 కోట్లు పెట్టారు. ఇప్పుడు ఈ 67,000ను సవరించిన అంచనాతో పోలిస్తే కేటాయింపు దాదాపు మూడు రెట్లు పెరిగింది. గత బడ్జెట్ అంచనాతో పోలిస్తే 3,000 కోట్లకు పైగా తగ్గింది. రెండు శీర్షికలూ నిజమే, ఏది కనిపిస్తుందన్నది రాసినవాళ్లు పక్కన ఏ అంకె పెట్టుకున్నారన్నదాని మీద ఉంటుంది.

ఈ పద్దులను సభ తీరిగ్గా చర్చించి ఆమోదిస్తుందనుకుంటే అదీ కాదు. ఏటా కొన్ని శాఖలనే చర్చకు తీసుకుని మిగతావన్నీ గిలెటిన్ పేరుతో ఒక్కసారిగా ఓటుకు పెడతారు. 2018లో, 2023లో అయితే గందరగోళం మధ్య అన్ని శాఖల పద్దులూ చర్చ లేకుండానే గడిచిపోయాయి. 2018లో ఆ గొడవకు ఒక కారణం మన ప్రత్యేక హోదా ఆందోళనే. హోదా కోసం సభను ఆపినరోజు, ఆంధ్రాకు ఏ శాఖ ఎంత ఇస్తోందని అడిగే అవకాశం కూడా పోయింది. రెండిట్లో ఏది ముఖ్యం అన్నది ఎంపీలకు నిజంగానే కష్టమైన ప్రశ్న.

లక్ష్యం అంటే దేన్ని కొలుస్తున్నారు

శాఖల లక్ష్యాలకు మూడు విషయాలు ఉంటే తప్ప అర్థం ఉండదు: ఎక్కడి నుంచి మొదలు, ఎక్కడికి చేరాలి, చేరామో లేదో ఎవరు కొలుస్తారు. రైతుల ఆదాయం రెట్టింపు సంగతిలో ఈ మూడూ ఎలా జారాయో చూడండి.

2022 నాటికి రైతుల ఆదాయం రెట్టింపు చేసే దిశగా పనిచేస్తామని 2016 ఫిబ్రవరి బడ్జెట్‌లో జైట్లీ చెప్పారు. ఆ రోజు ఏ ఏడాది ఆదాయానికి రెట్టింపో, ధరల పెరుగుదల తీసేసి లెక్కో కలిపి లెక్కో చెప్పలేదు. తర్వాత ప్రభుత్వం వేసిన అశోక్ దల్వాయ్ కమిటీ ఆ పని చేసింది. 2015-16లో రైతు కుటుంబం ఏడాది ఆదాయం 96,703 రూపాయలని అంచనా వేసి, అవే ధరల్లో 2022-23కు 1,92,694 రూపాయలు కావాలని తేల్చింది. ధరల పెరుగుదల తీసేసి నిజంగా రెట్టింపు అన్నమాట. గట్టి లక్ష్యం, మెచ్చుకోవాల్సిన నిజాయితీ.

కొలిచేది మాత్రం ఎవరు? జాతీయ గణాంక కార్యాలయం సర్వే ప్రకారం 2012-13లో రైతు కుటుంబం నెలసరి ఆదాయం 6,426 రూపాయలు, 2018-19లో 10,218 రూపాయలు. ఆరేళ్లలో 59 శాతం పెరిగింది, కానీ ఇది ఆయా ఏళ్ల ధరల్లో, అంటే ధరల పెరుగుదల కలిపి. 2018-19లో ఏపీలో 10,480, తెలంగాణలో 9,403. ఇంకా లోపలికి వెళ్తే ఆ 10,218లో కూలి, జీతాల ద్వారా వచ్చింది 4,063, పంటల ద్వారా వచ్చింది 3,798. రైతు ఆదాయంలో పంటల కంటే కూలి, జీతాలదే పెద్ద వాటా! అలాంటప్పుడు రైతు ఊరొదిలి కూలికి పోయినా "రైతు ఆదాయం" పెరిగినట్టే లెక్కకొస్తుంది. ఇక 2022 గడువు నాటికి ఇలాంటి కొత్త సర్వే ఏదీ బయటకు రాలేదు. ఆదాయం రెట్టింపైన 75,000 మంది రైతుల కథలను భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రచురించింది. ఆ రైతుల కష్టం నిజమే, కానీ ఎంచుకున్న 75,000 మంది దేశంలోని రైతులందరికీ నమూనా కాలేరు.

పోలవరంలో జారింది గడువు ఒక్కటే కాదు, "పూర్తి" అన్న మాటకు అర్థం కూడా. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అక్కడ నిల్వ 194 టీఎంసీలు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 12,157 కోట్లు ఆమోదించింది 41.15 మీటర్ల మట్టం వరకు. మొదటి దశ పూర్తయితే ప్రాజెక్టు పూర్తయిందని ఒకరంటారు, నీళ్లు నిలపడం దశలవారీగానే జరుగుతుందని ఇంజినీర్లు అంటారు, నిర్వాసితుల్లో ఎక్కువమంది ఆ పైమట్టం పరిధిలోనే ఉన్నారు కాబట్టి వాళ్ల పునరావాసం తేలకుండా పూర్తి అనడం అన్యాయమని ఇంకొకరంటారు. సభలో "ఫలానా నాటికి పూర్తి" అని జవాబు వచ్చినప్పుడు ఏ మట్టానికి అన్న ముక్క లేకపోతే ఆ తేదీతో ఏ ఉపయోగమూ లేదు.

పెట్టుబడుల ఉపసంహరణలో ఇంకో దృశ్యం. 2021-22కు లక్ష్యం 1.75 లక్షల కోట్లు, సవరించి 78,000 కోట్లు చేశారు, వచ్చింది 15 వేల కోట్లు కూడా దాటలేదు. ఎల్ఐసీ వాటా అమ్మకం తర్వాతి ఆర్థిక సంవత్సరానికి జారిపోవడం పెద్ద కారణం. 2024 నుంచి ఈ లక్ష్యాన్ని విడిగా ప్రకటించడమే మానేశారు. లక్ష్యం చెప్పి ఒత్తిడిలో వాటాలు చవగ్గా అమ్ముకోవడం ఎందుకన్నది ప్రభుత్వం వైపు వాదన, అందులో అర్థం ఉంది. కొలిచే గీతే చెరిపేస్తే జవాబుదారీ ఎక్కడన్నది అవతలి వాదన, అదీ కాదనలేం.

గడువులు జారితే తప్పెవరిది

జల్ జీవన్ మిషన్ మొదలైన 2019 ఆగస్టులో గ్రామీణ ఇళ్లలో కొళాయి ఉన్నవి 3.23 కోట్లు, సుమారు 17 శాతం. 2024కల్లా అందరికీ అన్నారు, 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో గడువు 2028కి పెంచారు. అప్పటికి 80 శాతం చేరిందని ఆర్థిక మంత్రి చెప్పారు. దీన్ని వైఫల్యం అనొచ్చు, గడువు తప్పింది కాబట్టి. 17 నుంచి 80కి వెళ్లడం సాధారణ వేగంతో జరిగేది కాదు, అసాధ్యమైన గడువు పెట్టడం వల్లే అంతదూరం పోయిందని కూడా అనొచ్చు. కొళాయి బిగించడం వేరు, అందులో మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున మంచినీళ్లు క్రమం తప్పకుండా రావడం వేరు అనేది మూడో మాట. ఇళ్ల ఆడవాళ్లకు పనికొచ్చే ప్రశ్న ఇదే, మిగతా రెండూ లెక్కల వాళ్లవి.

నీరు రాష్ట్రాల జాబితాలోది, వ్యవసాయమూ అంతే. కేంద్రమంత్రి ఢిల్లీలో లక్ష్యం ప్రకటిస్తారు, పైపు వేయాల్సింది రాష్ట్ర శాఖ, తన వాటా డబ్బు పెట్టాల్సింది రాష్ట్ర ఖజానా. ఆలస్యమైతే రాష్ట్రం వాటా ఇవ్వలేదని కేంద్రం, కేంద్రం నిధులు ఆపిందని రాష్ట్రం చెబుతాయి, చాలాసార్లు రెండూ కొంత నిజమే అవుతాయి.

మంత్రి తప్పు చెబితే

సభలో మాట్లాడిన మాటకు కోర్టులో కేసు పెట్టలేం, 105వ అధికరణ ఆ రక్షణ ఇస్తుంది. తప్పు సమాచారం ఇస్తే మంత్రే సవరణ ప్రకటన చేస్తారు, చేయకపోతే సభ్యుడు స్పీకర్ 115వ ఆదేశం కింద రాతపూర్వకంగా ఎత్తిచూపొచ్చు. తెలిసి, కావాలని సభను తప్పుదోవ పట్టించారని తేలితే అది సభా హక్కుల ఉల్లంఘన. "కావాలని" అన్నది నిరూపించడం దాదాపు అసాధ్యం. మాట నిలబెట్టుకోకపోవడం మాత్రం ఉల్లంఘన కిందికే రాదు.

సమావేశాలు జరుగుతుండగా విధాన నిర్ణయాన్ని ముందు సభలో చెప్పకుండా బయట విలేకరుల దగ్గర చెబితే? అది సంప్రదాయానికి విరుద్ధమని స్పీకర్లు చాలాసార్లు అన్నారు, కానీ హక్కుల ఉల్లంఘన కాదనీ అన్నారు. దీన్ని చిన్న విషయంగా చూసేవాళ్లు ఉన్నారు. బయట చెప్పిన మాట హామీల కమిటీ జాబితాలోకి రాదు, నా ఉద్దేశంలో అదే అసలు నష్టం.

చట్టంలో రాసేస్తే పోతుంది కదా?

ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం 2003లో వచ్చింది అందుకే. ద్రవ్యలోటును, అంటే రాబడికి మించి అప్పు చేసి పెట్టే ఖర్చును, జీడీపీలో 3 శాతానికి దించాలని గడువు పెట్టారు. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభంతో అది పోయింది. తర్వాత సవరణల్లో గడువు జరిగి జరిగి 2021 మార్చి 31కి వచ్చింది, ఆ ఏడాదే కోవిడ్ వచ్చి లోటు 9 శాతం దాటింది. ఆ దశలో, 2021 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో, 2025-26కల్లా లోటును 4.5 శాతం కంటే దిగువకు తెస్తామని నిర్మలా సీతారామన్ అన్నారు. 2025-26 బడ్జెట్ అంచనా 4.4 శాతం. చట్టంలో రాసిన అంకె పదే పదే తప్పింది, సభలో నోటితో చెప్పిన అంకె దాదాపు అనుకున్నట్టే వచ్చింది. ఆ నాలుగేళ్లూ ప్రతి బడ్జెట్‌లో ఆ అంకెను మళ్లీ చెప్పారు, పత్రికలు మళ్లీ అడిగాయి, మార్కెట్లు కనిపెట్టి చూశాయి. అంత కాపలా తాగునీటికో నిర్వాసితుల పునరావాసానికో ఉండదు.

ఇప్పుడు గురి లోటు నుంచి అప్పు మీదికి మారింది. 2031 మార్చి నాటికి కేంద్రం అప్పును జీడీపీలో 50 శాతానికి, ఒక శాతం అటూ ఇటూగా, తేవాలని ప్రభుత్వం చెబుతోంది. 2018 సవరణలో చట్టం పెట్టుకున్న అంకె 40 శాతం, దాని గడువు 2024-25 చివరితో దాటిపోయింది.